మీ ఇంట్లో అయితే?

ఈ మధ్య ఎవర్ని అడిగినా చలం అంటే ఇష్టమనే అంటున్నారు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఏ తెలుగు స్టాల్ ముందైనా కాసేపు నిలబడండి. 'మైదానం' ఉందా అని అడిగే ఇరవై ఏళ్ళ పిల్లలు కనిపిస్తారు. 'స్త్రీ' లోంచి తీసిన వాక్యాలు వాట్సప్ స్టేటస్‌ల్లోకీ, ఇన్‌స్టా రీళ్ళ కిందకీ ఎక్కాయి. సంతోషించాల్సిన సంగతే. కాకపోతే ఒక రచయితని తరాల తరబడి తిట్టిపోసిన సమాజం ఇంత సులువుగా ప్రేమించడం మొదలుపెడితే చిన్న అనుమానం వస్తుంది. మారింది మనమా, ఆయన్ని చదివే పద్ధతా?

మా దిక్కు, అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు, చలం పేరెత్తితే పెద్దవాళ్ళ నోట వచ్చే ప్రశ్న ఒకటుంది. "చదవడానికి బాగనే ఉంటది. మీ ఇంట్ల అయితే ఊకుంటవా?" ఈ ప్రశ్న ఒక్క మా దిక్కుదే కాదు. చలాన్ని చదివిన ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు. నోరు మూయించడానికి అడిగే ప్రశ్న అది. సాహిత్యం గురించి మాట్లాడుతుంటే ఇంటి ఆడవాళ్ళని మధ్యలోకి లాగుతుంది కాబట్టి, చదువుకున్నవాళ్ళం దాన్ని మొరటు ప్రశ్న అని పక్కకు నెట్టేశాం. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. చలం పాఠకుల చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిందనీ, మనం దానికి జవాబు చెప్పకుండానే ఆయన అభిమానులమైపోయామనీ అనిపిస్తోంది.

* * *

1927లో 'మైదానం' వచ్చేనాటికి తెలుగు పాఠకుడికి సంస్కరణ కొత్త కాదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి నలభై ఐదేళ్ళు దాటింది. 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లోనే రంగస్థలం ఎక్కింది. బాల్యవివాహం తప్పు, ఆడపిల్లకు చదువు కావాలి, వితంతువుకు మళ్ళీ పెళ్ళి చెయ్యాలి అన్నవి సభల్లో గౌరవంగా చెప్పుకోదగ్గ మాటలైపోయాయి. చలం కూడా ఆ బడిలోంచి వచ్చినవాడే. 1894లో మద్రాసులో పుట్టి, కాకినాడలో కాలేజీ చదివే రోజుల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్ళాడు.

సంస్కర్తల కథలో పాఠకుడికి ఒక సౌకర్యం ఉంది. అందులో ఒక బాధితురాలు ఉంటుంది. ఆమె మీద జాలి పడొచ్చు. ఆమెకు పెళ్ళో, చదువో దొరికితే కథ ఒడ్డున పడుతుంది, చదివినవాడి మనసు కుదుటపడుతుంది. 'మైదానం' లో రాజేశ్వరి ఆ సౌకర్యం ఇవ్వదు. ఆమె బ్రాహ్మణ స్త్రీ. మొగుడు ప్లీడరు, రాక్షసుడేమీ కాదు. ఆ మొగుడి దగ్గరికి పనిమీద వచ్చిన అమీర్ అనే ముస్లిం యువకుడితో ఆమె వెళ్ళిపోతుంది. ఊరికి దూరంగా, ఏటి పక్కన మైదానంలో కాపురం పెడుతుంది. వెళ్ళినందుకు పశ్చాత్తాపపడదు. పోనీ అమీర్ ఏమైనా ఆదర్శపురుషుడా అంటే అదీ లేదు. కోప్పడతాడు, వదిలేసి పోతాడు, ఇంకో పిల్లని కోరుకుంటాడు. మీరా అనే కుర్రవాడు వస్తే రాజేశ్వరి అతన్నీ ప్రేమిస్తుంది. కథ రక్తంతో ముగుస్తుంది. అయినా జరిగినదాన్ని ఆమె తప్పు కింద లెక్కగట్టదు.

అంటే చలం ఇక్కడ జాలి అడగడం లేదు. ఏ దుర్మార్గమూ జరక్కపోయినా ఒక భార్య తన ఇష్టం కోసం ఇల్లు దాటితే ఏమంటారు అని అడుగుతున్నాడు. దీనికి వితంతు వివాహంలాంటి పరిష్కారం లేదు. అందుకే సంస్కర్తలకూ ఆయన ఇబ్బందే, సనాతనులకూ ఇబ్బందే.

ఆనాటి పాఠకులు ఏం చేశారు? బూతు అన్నారు. పిల్లల చేతుల్లో కనిపిస్తే లాక్కున్నారు. చదవాలనుకున్నవాళ్ళు పైన వేరే పుస్తకం అట్ట తొడిగి చదివారు. చలం ఉద్యోగం బడుల తనిఖీ. ఊరూరా తిరిగి పంతుళ్ళు పాఠం ఎట్లా చెబుతున్నారో చూసే మనిషి రాసిన పుస్తకాన్ని ఆ పంతుళ్ళే పిల్లలకు దూరంగా పెట్టాల్సిన వస్తువనుకున్నారు. బెజవాడలో ఉన్న రోజుల్లో బంధువులూ ఇరుగుపొరుగూ ఆయన్నీ, ఆయన కుటుంబాన్నీ దూరం పెట్టారు. రాతకు శిక్ష ఇంటికి పడింది. 'మీ ఇంట్లో అయితే?' అన్న ప్రశ్నను చలం మీద నిజంగానే అమలు చేశారన్నమాట.

కోపంతో చదివినవాళ్ళల్లో గొప్ప పాఠకుడు విశ్వనాథ సత్యనారాయణ. ఆయన 'చెలియలికట్ట' ను 'మైదానా' నికి జవాబుగా చాలామంది విమర్శకులు చూస్తారు. అక్కడా ఒక స్త్రీ పెళ్ళి గీత దాటుతుంది. చెలియలికట్ట అంటే సముద్రం దాటకూడని ఒడ్డు. గీత దాటితే ఏమవుతుందో చెప్పడానికి ఆయన ఒక పెద్ద నవలే రాశాడు. విశ్వనాథ చెప్పినదాంతో నాకు పేచీ ఉంది. కానీ ఆయన చలాన్ని పక్కన పడెయ్యలేదు. ఈ మనిషి చెప్పేదాన్ని జనం నిజంగా ఆచరిస్తే ఇల్లనేది మిగలదని భయపడ్డాడు, ఆ భయాన్ని దాచుకోకుండా వందల పేజీలు రాశాడు. చలం రాసింది ఎంత ప్రమాదకరమో అభిమానుల కంటే ముందు శత్రువులకే అర్థమైంది.

* * *

ఇదంతా కృష్ణకు అటువైపు కథ. ఇటువైపు, నిజాం రాజ్యంలో, నల్లగొండ జిల్లాలో సంగతేమిటి?

ఇక్కడొక చిత్రమైన భూగోళం ఉంది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు హైవే మీద సూర్యాపేట దాటి కోదాడకు వెళ్ళే దారిలో మునగాల వస్తుంది. సూర్యాపేటా, కోదాడా నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో ఆ మునగాల పరగణా మాత్రం బ్రిటిషు వాళ్ళ కృష్ణా జిల్లాలో భాగం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ దీవి. ఆ పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడం వెనుక వీళ్ళిద్దరూ ఉన్నారు. తెలంగాణలో తెలుగు పుస్తకం చరిత్ర రాస్తే అందులో మొదటి పేజీలు ఈ దారిలోనే మొదలవుతాయి.

విజ్ఞాన చంద్రికా మండలి మొదట అచ్చేసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. తర్వాత చరిత్ర పుస్తకాలు, సైన్సు పుస్తకాలు, చారిత్రక నవలలు. మనిషిని పౌరుణ్ణి చేసే పుస్తకాలు అనుకోవచ్చు. ఆ తర్వాత ఊళ్ళల్లో వెలసిన గ్రంథాలయాలు కూడా ఎక్కువగా ఈ దారినే నడిచాయి. అందుకు కారణం ఉంది. నిజాం సర్కారుకు గ్రంథాలయమంటేనే అనుమానం. 1929 నాటి గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ పెట్టుకోవాలన్నా ముందు అనుమతి కావాలి. తెలుగులో ఒక పత్రిక తెప్పించుకుని పదిమంది కూచుని చదవడమే రాజకీయమైన చోట, గ్రంథాలయం నడిపేవాళ్ళు పరువుగా కనిపించక తప్పదు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ కవుల సంచిక' వేసి 354 మంది కవుల్ని చూపించాల్సి వచ్చింది. తెలంగాణలో అసలు తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా! 'మైదానం' వచ్చి అప్పటికి ఏడేళ్ళు. అక్కడ పెళ్ళి కావాలా వద్దా అన్న గొడవ నడుస్తుంటే, ఇక్కడ మాకూ భాష ఉందని రుజువు చేసుకునే గొడవ.

అంతమాత్రాన ఆడవాళ్ళ సంగతి ఇక్కడ పట్టలేదని కాదు. 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభతోనే మహిళాసభ కూడా మొదలైంది. బాల్యవివాహాలు, వితంతు వివాహాలు, స్త్రీవిద్య అక్కడ చర్చకొచ్చాయి. 1931 సభ మన నల్లగొండ జిల్లా దేవరకొండలోనే. కానీ ఇవన్నీ సంస్కరణ మాటలు. రాజేశ్వరిలాంటి మనిషికి ఆ తీర్మానాల్లో చోటు లేదు. భాష కోసం, హక్కుల కోసం నిలబడ్డ ఉద్యమం తన మీద 'బూతు' ముద్ర పడనిస్తుందని ఆశించలేం కూడా.

కాబట్టి ఇలాంటి పుస్తకం సభ ద్వారా, సంఘం ద్వారా వచ్చే రకం కాదు. చేతిసంచుల్లో రావాలి. పుస్తకాన్ని నెత్తినెత్తుకుని ఊళ్ళు తిరిగిన మనిషి మా జిల్లాలో ఒకాయన ఉన్నాడు. నకిరేకల్ దగ్గరి మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వండిపెడుతూ చదువుకుని, హోటల్లో పనిచేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. తను అచ్చేసిన పుస్తకాలు తనే మోసుకెళ్ళి అమ్మాడు. తెలంగాణలో పుస్తకం కొని చదవడం అనేది ఇట్లా ఒక్కో గడపా ఎక్కి నేర్పిన అలవాటు. ఏ పుస్తకం ఏ ఇంటి గడప దాటిందో, ఏది వాకిట్లోనే ఆగిపోయిందో అన్నది కూడా పాఠకుల చరిత్రే.

* * *

1941లో కోదాడకు దగ్గర్లోని చిలుకూరులో ఆంధ్ర మహాసభ ఎనిమిదో సభ జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. మహాసభ మితవాదుల చేతిలోంచి కమ్యూనిస్టుల చేతిలోకి జరిగే మలుపు అది. మరో ఐదేళ్ళకు సాయుధ పోరాటం. సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్ళల్లోంచి ఆడవాళ్ళు ఇల్లు దాటి బయటికొచ్చారు. సూర్యాపేట దిక్కు పల్లెలోంచి, దొరల కుటుంబంలోంచి వచ్చిన మల్లు స్వరాజ్యం (1931–2022) తుపాకీ పట్టింది.

ఇల్లు దాటిన ఆడమనిషి మా ప్రాంతంలో నవలలో కంటే ముందు దళంలో కనిపించింది అనుకుంటాను. చలం అడిగిన ప్రశ్న అప్పుడు పుస్తకంలోంచి కాకుండా అడవిలోంచి ఎదురైంది. ఆడా మగా కలిసి తిరుగుతున్నారు, కలిసి దాక్కుంటున్నారు. ప్రేమ పుడితే ఏం చెయ్యాలి? పెళ్ళికి ఎవరి అనుమతి కావాలి? బిడ్డ పుడితే ఎవరు పెంచాలి? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లో ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు ఈ సంగతులు మాట్లాడారు. పోరాటం రోజుల గురించి చెప్పేటప్పుడు వాళ్ళ మాటల్లో ఎంత ఉత్సాహముందో, 1951 తర్వాత ఇక ఇళ్ళకు పోండి అన్నప్పటి సంగతి చెప్పేటప్పుడు అంత బరువుంది. భూమిని పంచడానికి ఒప్పుకున్న మగవాళ్ళకు కూడా ఆడదాని ఇష్టం అనేసరికి పాత భయమే అడ్డొచ్చింది.

ఇందులో చలం పేరు లేకపోవచ్చు. కానీ 'మీ ఇంట్లో అయితే?' అన్నది ఒక్క సనాతనుల ప్రశ్న కాదని ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది. అది విప్లవకారుల గుండెలో కూడా ఉంది.

* * *

1950లో చలం కుటుంబంతో సహా తిరువణ్ణామలై వెళ్ళిపోయాడు. రమణ మహర్షి ఆ ఏప్రిల్‌లో పోయారు. చలం మాత్రం 1979 మేలో తను పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఈసారి కోపం అభిమానుల వంతు. ఇంత తిరుగుబాటు చేసినవాడు ఆశ్రమానికి పోవడమేమిటి, పారిపోయాడన్నారు. ఒకప్పుడు ఇంటిని కూలుస్తున్నాడని తిట్టారు, ఇప్పుడు ఇంకా కూల్చకుండా వెళ్ళిపోయాడని తిట్టారు. అంత దూరం వెళ్ళి ఆయన్ని చూసి మాట్లాడి వచ్చిన కుర్రవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఆయన చెప్పే దేవుడి కంటే ఆయన రాసిన రాజేశ్వరే కావాలి.

తర్వాత 80లు, 90ల్లో స్త్రీవాదులు వచ్చారు. చలాన్ని తమ మనిషి అన్నవాళ్ళున్నారు. రాజేశ్వరిది మగవాడు కన్న కల అనీ, ఆ స్వేచ్ఛలో వంటా, గర్భమూ, రేపటి తిండీ ఎవరి నెత్తిన పడ్డాయో చూడమనీ అడిగినవాళ్ళూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. గమనించాల్సింది ఇంకొకటి. జయప్రభ పైట గురించి రాసినప్పుడు, 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పుడు, స్త్రీలు తమ శరీరం గురించి తామే రాయడం మొదలుపెట్టినప్పుడు, చలానికి వేసిన బూతు ముద్రే తెచ్చి వీళ్ళకూ వేశారు. అరవై ఏళ్ళు దాటినా తిట్టు మారలేదు. అప్పటికి చలం మాత్రం పెద్దమనిషి అయిపోయాడు. ఆయన కథ 'దోషగుణం' ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన 'గ్రహణం' (2004) జాతీయ అవార్డు తెచ్చుకుంది. చచ్చిపోయిన రచయితను మెచ్చుకోవడానికి ఇంట్లో ఎవరితోనూ గొడవ పెట్టుకోనక్కర్లేదు.

ఇన్ని రకాల పాఠకుల్లోనూ చాలాకాలం వినిపించని గొంతు ఒకటుంది. అమీర్ గొంతు. 'మైదానం' అంతా రాజేశ్వరి చెప్పుకున్న కథ. అమీర్ ఆమె కళ్ళకు ఎట్లా కనిపించాడో అట్లాగే మనకూ కనిపిస్తాడు. అందమైన ఒళ్ళు, పాట, కోపం, మొరటు ప్రేమ. ఒక బ్రాహ్మణ ప్లీడరు భార్యను తీసుకుపోయిన ముస్లిం కుర్రవాడి ఇంటి మీదికి ఎవరొచ్చారో, అతని తల్లి ఎన్ని రాత్రులు తలుపు గడియ చూసుకుంటూ కూచుందో నవల పెద్దగా పట్టించుకోదు. చలం చూపు అటు పోలేదు. చలాన్ని తిట్టినవాళ్ళ చూపూ అటు పోలేదు. వాళ్ళ దిగులంతా రాజేశ్వరి గురించే.

తెలుగులో ముస్లిం కవులు తమ గురించి తామే గట్టిగా చెప్పుకున్న 'జల్‌జలా' సంకలనం 1998లో వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్ళలో స్కైబాబ మా నల్లగొండ జిల్లావాడే. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు' వచ్చింది. ఈ పుస్తకాలు చదివాక తిరిగి 'మైదానం' తెరిస్తే ఆ గుడిసె పక్కనే ఇంకో గుడిసె కనిపిస్తుంది. ప్రేమ కథ మొదలైన రోజు నుంచీ భయంతో నిద్రపోనివాళ్ళ గుడిసె.

* * *

2018 సెప్టెంబరు 14. మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి ముందు, గర్భిణిగా ఉన్న భార్య పక్కనే నడుస్తున్న ఇరవై నాలుగేళ్ళ యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. అతను దళిత క్రైస్తవుడు. ఆమె వైశ్య కుటుంబంలోంచి వచ్చింది. చంపించింది ఆమె తండ్రి అని పోలీసులు తేల్చారు. 2020లో ఆ తండ్రి ప్రాణం తీసుకున్నాడు. 2025 మార్చిలో నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. ఆ తీర్పుకు కొద్ది వారాల ముందే, 2025 జనవరిలో, కులాంతర వివాహం చేసుకున్న మరో దళిత యువకుడి శవం సూర్యాపేట శివార్లలో దొరికింది. భార్య కుటుంబంవాళ్ళని పోలీసులు అరెస్టు చేశారు.

ఆ పేర్లు అందరికీ తెలుసు. నాకిక్కడ కావాల్సింది జనం వాటిని చదివిన తీరు. 2018లో కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్ళున్నారు. దాంతోపాటు ఆ తండ్రిని వెనకేసుకొచ్చినవాళ్ళూ బయటికొచ్చారు. కన్నవాడి కడుపుకోత మీకేం తెలుసు అన్నారు. ఫోన్లలో ఆ అమ్మాయిని తిట్టిన తిట్లు 1927 నాటి తిట్లే. లేచిపోయింది, ఒళ్ళు కొవ్వెక్కింది, కన్నవాళ్ళ పరువు తీసింది. 'పరువు హత్య' అని పేపర్లు రాశాయి. కులహత్య అని రాయండి, పరువు అంటే చంపినవాడి మాటే మీరూ మాట్లాడినట్టు అని దళిత సంఘాలు అన్నాయి. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడానే అసలు గొడవ.

ఆ రోజుల్లో తండ్రిని సమర్థించినవాళ్ళు వాడిన వాక్యం కూడా అదే. "మీ ఇంట్ల అయితే తెలుస్తది."

అక్కడ నాకు చలం గుర్తొచ్చాడు. ఈ వాక్యానికి జవాబు చెప్పకుండా ఆయన్ని ఇష్టపడటం ఎట్లా కుదిరింది మనకి?

కొంత ఇట్లా కుదిరిందనుకుంటాను. మనం 'మైదానం' ను వ్యక్తి స్వేచ్ఛ గురించిన పుస్తకంగా చదువుకున్నాం. ఒక ఆడమనిషి, ఆమె మనసు, ఆమె శరీరం. సిటీలో హాస్టల్ గదిలో కూచుని చదివితే ఆ స్వేచ్ఛ అందంగా ఉంటుంది. అడ్డొచ్చేది ఎవరో పాతకాలపు మనుషులు, ఎక్కడో దూరంగా. ఆ నవలలో కులమూ మతమూ మనకు రంగు కోసం వాడిన సరుకులాగా కనిపిస్తాయి. అమీర్ ముస్లిం కావడం మన దృష్టికి కథలో కారం. 1927 నాటి కోపిష్టి పాఠకుడికి అట్లా కనిపించలేదు. అతనికి అసలు సంగతే అది. బ్రాహ్మణ ఇంట్లోంచి పోయింది, పోయి తురకవాడి దగ్గరికి పోయింది. అతని కోపంలో ద్వేషముంది, నిజమే. కానీ కథలో ఏ తీగ లాగితే ఏ డొంక కదులుతుందో అతనికి తెలుసు. మనం డొంకను వదిలేసి తీగకు పూసిన పువ్వును ఫొటో తీసుకున్నాం.

చలం కూడా ఒక లెక్క తప్పాడని ఇప్పుడు తెలుస్తోంది. ఇల్లు దాటినందుకు మూల్యం ప్రధానంగా ఆడమనిషే చెల్లిస్తుందని ఆయన రాశాడు. ఆనాటి అనుభవం అట్లాంటిది. మిర్యాలగూడ, సూర్యాపేటల్లో ప్రాణం పోయింది అవతలి కులం మగవాడిది. ఆడపిల్ల ఆ ఇంటి ఆస్తి కాబట్టి ఆమెను వెనక్కి తెచ్చుకోవాలనుకున్నారు. తాకినవాణ్ణి లేకుండా చేశారు. రాజేశ్వరి కథను ఈ రోజు మా దిక్కు రాయాల్సి వస్తే అది అమీర్ తల్లి చెప్పే కథ అవుతుందేమో.

దీనివల్ల చలం చిన్నవాడైపోడు. ఆయన రాయకపోతే ఈ ప్రశ్న ఇంత సూటిగా మన ముందుకు రాదు. రాజేశ్వరిని బాధితురాలిగా చూపించి జాలి సంపాదించుకోవడం ఆయనకు చాలా సులువు. ఆ పని చెయ్యలేదు. ఏ కారణమూ చూపించకుండా తన ఇష్టమే కారణంగా నడిచిపోయే ఆడమనిషిని మన ముందు నిలబెట్టాడు. ఆ 'ఇష్టం' అన్న మాటను మిర్యాలగూడ తండ్రి కూడా భరించలేకపోయాడు. పిల్ల బాధపడితే ఓదార్చేవాడేమో. సంతోషంగా ఉండటమే ఆయనకు తట్టుకోలేని సంగతైంది.

* * *

చలం మీద వచ్చిన స్పందనల్ని మనం సాధారణంగా రెండు గుంపులు చేస్తాం. తిట్టినవాళ్ళు, మెచ్చుకున్నవాళ్ళు. తిట్టినవాళ్ళు వెనకబడ్డవాళ్ళు, మెచ్చుకున్నవాళ్ళు ముందుకెళ్ళినవాళ్ళు అని కూడా అనుకుంటాం. నల్లగొండ దారిలో నిలబడి చూస్తే ఈ లెక్క నిలవదు. తిట్టినవాళ్ళకు తాము ఏం కాపాడుకుంటున్నారో స్పష్టంగా తెలుసు. మెచ్చుకుంటున్న మనకు ఏం వదులుకోవాలో తెలుసా? మన ఇళ్ళల్లో ఇప్పటికీ పెళ్ళి సంబంధం మాట మ్యాట్రిమొనీ యాప్‌లో కులం గడి నింపడంతోనే మొదలవుతుంది. ఆ గడి నింపిన చేత్తోనే 'స్త్రీ' లోని వాక్యం స్టేటస్‌లో పెడతాం. రెండూ ఒకే ఫోన్‌లో ఉంటాయి, ఒకదానికొకటి అడ్డురావు. పూర్వం పుస్తకానికి వేరే అట్ట తొడిగి దాచుకునేవాళ్ళు. ఇప్పుడు పుస్తకాన్నే అట్టలాగా తొడుక్కుని మనం దాక్కుంటున్నామేమో.

కాబట్టి ఆ పాత ప్రశ్నను మళ్ళీ తీసుకుందాం. అడిగినవాళ్ళు ఎగతాళికే అడిగి ఉండొచ్చు. మనం సీరియస్‌గా తీసుకుంటే తప్పులేదు. చలాన్ని అడిగితే ఆయన దగ్గర ఒక జవాబుంది. బంధువులు పోయారు, పరువు పోయింది, ఊరు దూరం పెట్టింది. రాసినదానికీ బతికినదానికీ మధ్య గోడ కట్టుకోకుండా ఆ మనిషి తన ఇంట్లోనే ఆ మూల్యం కట్టాడు. ఆయన బతికిన తీరంతా సరైనదని నేననను. ఇంట్లోవాళ్ళు కూడా ఆ బరువు మోశారు, వాళ్ళు మోయాల్సిందేనా అన్నది వేరే ప్రశ్న. కానీ జవాబు తప్పించుకోలేదు.

కోదాడ బస్టాండులో విజయవాడ బస్సు ఆగినప్పుడు పక్క సీట్లో ఎవరో అమ్మాయి 'మైదానం' చదువుతూ కనిపించొచ్చు. అట్ట దాచుకోవాల్సిన పని లేదు ఆమెకు. అంతవరకు దారి మారింది, మంచిదే. ఆ పుస్తకం మూసి, ఇంటికెళ్ళి, తను ప్రేమించిన అబ్బాయి పేరు, ఆ పేరు చెప్పగానే ఇంట్లోవాళ్ళకు తెలిసిపోయే కులం, రెండూ ఒకేసారి చెప్పాల్సిన రోజు ఆమెకూ రావచ్చు. ఆ రోజు ఆ ఇంట్లో అన్నగానో, మేనమామగానో, చలం అభిమానిగానో మనలో ఎవరో ఒకరం కూచుని ఉంటాం. మనం అప్పుడు ఏమంటామన్నదే చలం గురించి మనం రాసే అసలు సమీక్ష.